బ్రిటిష్ అధీన ప్రాంతాల ప్రజలకు పౌరసత్వ హోదాను చర్చల్లో సాధించడం ఎలా

1984 డిసెంబరు 19న బీజింగ్‌లో బ్రిటన్, చైనా ప్రధానమంత్రులు బ్రిటన్ పాలనలోని హాంకాంగ్‌ను 1997లో చైనాకు అప్పగించే ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. అక్కడి లక్షలాది మంది ఏ దేశపు పౌరులుగా మిగులుతారో తేల్చిన మాటలు మాత్రం ఆ ప్రకటనలో కాక, రెండు ప్రభుత్వాలు దానితో పాటు ఇచ్చిపుచ్చుకున్న మెమొరాండాలలో ఉన్నాయి. 1997 జూలై 1 నుంచి హాంకాంగ్ వాసులు బ్రిటిష్ అధీన ప్రాంతాల పౌరులుగా కొనసాగరని, అయితే బ్రిటన్‌లో నివాస హక్కు లేకుండా, బ్రిటన్ జారీచేసే పాస్‌పోర్టును మాత్రం వాడుకోనిచ్చే ‘తగిన ఒక హోదా’ను వారు నిలుపుకోవచ్చని బ్రిటన్ మెమొరాండం చెప్పింది. ఆ హోదాకు అప్పటికి పేరు లేదు. 1985 నాటి హాంకాంగ్ చట్టం, 1986 నాటి ఉత్తర్వు వచ్చాకనే అది ‘బ్రిటిష్ నేషనల్ (ఓవర్సీస్)’ అయింది. అంటే ఏ హక్కు ఇవ్వకూడదో ముందు నిర్ణయించుకుని, దానికి సరిపోయే పేరును తర్వాత వెతికారు.

ప్రభుత్వం పాటించిన ఈ వరుసనే అవతలి పక్షం వారు కూడా పాటించాలి. ముందు ఏ హక్కులు కావాలో తేల్చుకుని, పేరు గురించి చివరన మాట్లాడాలి. ఒక చిన్న ద్వీపం తరఫునో, ఒక నిర్వాసిత సమాజం తరఫునో బ్రిటిష్ ప్రభుత్వంతో పౌరసత్వం గురించి మాట్లాడవలసిన ప్రతినిధులకు, వారికి ముసాయిదాలు రాసిపెట్టే న్యాయవాదులకు, ఈ చర్చలను అధ్యయనం చేసే విద్యార్థులకు ఉపయోగపడాలని ఈ పద్ధతిని వివరంగా రాస్తున్నాను.

ఎవరితో మాట్లాడుతున్నామో ముందు తెలుసుకోవాలి

బ్రిటిష్ ఓవర్సీస్ టెరిటరీలలో (ఒకప్పటి ‘అధీన ప్రాంతాల’ ఇప్పటి పేరు ఇది) చాలావాటికి సొంత శాసనసభలు, సొంత ప్రభుత్వాలు ఉన్నాయి. అయినా జాతీయత చట్టాన్ని చేసే అధికారం వాటిలో దేనికీ లేదు. అది వెస్ట్‌మినిస్టర్ పార్లమెంటు చేతిలోనే ఉంది. ప్రాంతాల వ్యవహారాలను విదేశాంగ శాఖ చూస్తుంది, జాతీయత చట్టాన్ని హోమ్ శాఖ చూస్తుంది. విదేశాంగ శాఖ అధికారి సానుభూతితో తల ఊపినంత మాత్రాన హోమ్ శాఖ ఒప్పుకున్నట్టు కాదు. గవర్నరుకు విజ్ఞప్తి ఇచ్చి జవాబు కోసం కూర్చున్నవారు చాలాకాలం కూర్చుంటారు. కాబట్టి మీ వినతిపత్రం రెండు శాఖలకూ, దానితో పాటు ఉభయ సభల్లో మీ మాట వినే సభ్యులకూ ఒకే రోజున చేరేలా చూసుకోవాలి. 1981 బిల్లు పార్లమెంటులో ఉన్నప్పుడు గిబ్రాల్టర్ వారికి ప్రత్యేక నిబంధన ప్రభువుల సభలో సవరణగా చేరిందే తప్ప ప్రభుత్వం తనంతట తాను ఇచ్చింది కాదు.

మీ వాళ్ల పుట్టిన తేదీలతో చట్టాన్ని చదవాలి

బ్రిటిష్ జాతీయత చట్టంలో తేదీలే ప్రాణం. 1948 చట్టం 1949 జనవరి 1న అమల్లోకి వచ్చినప్పుడు లండన్‌లో పుట్టినవారికీ, జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టినవారికీ, దక్షిణ అట్లాంటిక్‌లోని సెయింట్ హెలీనా ద్వీపపు జేమ్స్‌టౌన్‌లో పుట్టినవారికీ ఒకే హోదా ఉండేది: యునైటెడ్ కింగ్‌డమ్, వలసల పౌరులు. 1962లో వచ్చిన కామన్వెల్త్ వలసదారుల చట్టం ఈ ఒకే హోదాలో మొదటి చీలిక తెచ్చింది. పౌరసత్వం పేరు మారలేదు గాని, వలసల్లో పుట్టినవారికి బ్రిటన్ ప్రవేశంపై నియంత్రణ మొదలైంది. 1971 వలస చట్టం 1973 జనవరి 1న అమల్లోకి వచ్చి ‘నివాస హక్కు’ అనే భావనను ఆ చీలికపై స్థిరపరిచింది. 1981 బ్రిటిష్ జాతీయత చట్టం 1983 జనవరి 1 నుంచి ఆ ఒక్క పౌరసత్వాన్ని మూడుగా విడగొట్టింది: బ్రిటిష్ పౌరులు, బ్రిటిష్ అధీన ప్రాంతాల పౌరులు, బ్రిటిష్ ఓవర్సీస్ పౌరులు. ఈ మూడింటిలో మొదటివారికే పౌరసత్వంతో పాటు బ్రిటన్‌లో నివాస హక్కు దక్కింది.

ఈ వరుస కాగితం మీద తేలికగా కనిపిస్తుంది. ఒక మనిషికి అన్వయించినప్పుడే దాని బరువు తెలుస్తుంది. 1958లో సెయింట్ హెలీనాలో, అదే ద్వీపంలో పుట్టిన తల్లిదండ్రులకు పుట్టిన ఒక స్త్రీని ఊహించుకోండి. పుట్టినప్పుడు ఆమె యునైటెడ్ కింగ్‌డమ్, వలసల పౌరురాలు. ఆమెకు నాలుగేళ్ల వయసులో బ్రిటన్ తలుపు సగం మూసుకుంది, పదిహేనేళ్లు నిండకముందే పూర్తిగా మూసుకుంది. 1983లో ఆమె బ్రిటిష్ అధీన ప్రాంతాల పౌరురాలు అయింది. 2002లో వచ్చిన బ్రిటిష్ ఓవర్సీస్ టెరిటరీల చట్టం ఆ హోదా పేరు మార్చడంతో ఫిబ్రవరి 26న బ్రిటిష్ ఓవర్సీస్ టెరిటరీల పౌరురాలు అయింది. అదే సంవత్సరం మే 21న బ్రిటిష్ పౌరురాలు కూడా అయింది. ఆమె ద్వీపం దాటి ఒక్క అడుగు వేయలేదు, ఒక్క దరఖాస్తు పెట్టలేదు. చట్టం మాత్రం ఆమె పేరు పక్కన ఒకదాని తర్వాత ఒకటిగా నాలుగు హోదాలు రాసింది. ఇప్పుడు ఆమెకు 1985లో కేప్‌టౌన్‌లో ఒక కొడుకు పుట్టాడనుకోండి. అతనికి హోదా తల్లి నుంచి వంశపారంపర్యంగా సంక్రమించింది; 2002లో అతనూ బ్రిటిష్ పౌరుడయ్యాడు గాని, ‘వంశపారంపర్య పౌరుడు’గానే అయ్యాడు. అతనికి 2012లో అదే కేప్‌టౌన్‌లో కూతురు పుడితే ఆ పిల్లకు పౌరసత్వం తనంతట తాను రాదు; షరతులు నెరవేరితే రిజిస్ట్రేషన్ ద్వారా మాత్రమే రావచ్చు.

చర్చలకు వెళ్లే ముందు మీ సమాజంలో ఇలాంటి పది, పదిహేను కుటుంబాల వంశవృక్షాలు గీసి, ప్రతి పేరు పక్కన పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, తల్లిదండ్రుల వివాహ తేదీ, ఆ తేదీన ఉన్న హోదా రాయండి. ఇది నెలల తరబడి పట్టే పని. బాప్టిజం రిజిస్టర్లు, పాత పాస్‌పోర్టులు, ఓడ ప్రయాణికుల జాబితాలు వెతకవలసి వస్తుంది. అయినా నేను ఇచ్చే సలహాల్లో ఇదే అన్నిటికంటే ముఖ్యమైనది. ఎందుకంటే ముసాయిదాలో ఒక తేదీ తప్పుగా పడితే ఏ ఇంట్లో ఎవరు బయట మిగిలిపోతారో ఆ పటం చూసిన వెంటనే కనిపిస్తుంది. ఆ పటం లేనివారికి ఇరవయ్యేళ్ల తర్వాత తెలుస్తుంది.

హోదాను హక్కులుగా విడగొట్టాలి

‘పౌరుడు’ అన్న మాట వినగానే మనకు నివాసం, పని, పాస్‌పోర్టు, పిల్లలకు సంక్రమణ అన్నీ ఒక్క మూటగా తోస్తాయి. బ్రిటిష్ చట్టంలో ఆ మూట విప్పేసి ఉంటుంది. ఒక్కొక్క హక్కూ విడిగా ఇవ్వవచ్చు, విడిగా తీసివేయవచ్చు. బ్రిటిష్ ఓవర్సీస్ పౌరుల సంగతే చూడండి. తూర్పు ఆఫ్రికాలోనూ, పెనాంగ్, మలక్కాలలోనూ స్వాతంత్ర్యం తర్వాత పాత పౌరసత్వం నిలుపుకున్న అనేకులకు 1983లో ఈ హోదా దక్కింది. దాని పేరులో ‘పౌరుడు’ ఉంది. దాని ఆధారంగా ప్రపంచంలో ఏ నేల మీదా నివసించే హక్కు మాత్రం లేదు. పేరు చూసి సంతృప్తి పడిన ప్రతినిధి చేతికి ఇలాంటి ఖాళీ పాత్ర రావచ్చు.

అందుకే ఒక కాగితం మీద హక్కులను విడివిడిగా రాసుకోవాలి. మొదటిది బ్రిటన్‌లో నివాస హక్కు. రెండవది సొంత ప్రాంతంలో నివాస హక్కు. చాలామంది ఈ రెండవదాన్ని మరచిపోతారు, అది పౌరసత్వంతో పాటే వచ్చేస్తుందని అనుకుంటారు. కానీ రాదు. బెర్ముడాలో ఎవరు స్వేచ్ఛగా నివసించవచ్చో ‘బెర్ముడియన్ హోదా’ తేలుస్తుంది. కేమన్ దీవుల్లో, గిబ్రాల్టర్‌లో, ఫాక్‌ల్యాండ్స్‌లో వేర్వేరు స్థానిక హోదాలు ఉన్నాయి. బ్రిటిష్ వర్జిన్ దీవుల్లోనూ, అంగ్విల్లా, మాంట్‌సెరాట్‌లలోనూ ‘బిలాంగర్’ (ఆ నేలకు చెందినవారు) అనే మాట వాడుకలో ఉంది. వీటిని నిర్ణయించేది స్థానిక చట్టం. కాబట్టి ఓవర్సీస్ టెరిటరీల పౌరసత్వం ఉండి కూడా ఆ ప్రాంతంలో స్థానిక హోదా లేనివారు ఉంటారు, స్థానిక హోదా ఉండి ఆ పౌరసత్వం లేనివారూ ఉంటారు. లండన్‌తో జరిగే చర్చ మొదటి హక్కు గురించైతే, రెండవ హక్కు గురించిన చర్చ మీ సొంత శాసనసభతో జరగాలి. ఈ రెండింటినీ కలిపి ఒకే వినతిపత్రంలో రాస్తే రెండు చోట్లా ‘ఇది మా పరిధి కాదు’ అనే జవాబే వస్తుంది.

మూడవది సంక్రమణ: పిల్లలకు వస్తుందా, ఎన్ని తరాల వరకు, ఎక్కడ పుడితే వస్తుంది. నాలుగవది పాస్‌పోర్టు, అయిదవది విదేశాల్లో దౌత్యపరమైన రక్షణ. హాంకాంగ్ వారికి దక్కిన హోదాలో నాలుగవది ఉంది, మొదటిది లేదు, మూడవది అసలు లేదు; దానికి నమోదయ్యే గడువు 1997తోనే ముగిసింది, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు అది రాదు. ఒక తరంతో పాటే అంతరించిపోయేలా తీర్చిన హోదా అది. అయిదవది రెండవ దేశం చేతిలో ఎలా చిక్కుకుందో తర్వాత చెబుతాను.

లండన్ భయమేమిటో పసిగట్టాలి

నా అంచనాలో 1981 నుంచి 2002 వరకు జరిగిన ప్రతి చర్చలోనూ బ్రిటిష్ ప్రభుత్వపు నిజమైన భయం ఒక్కటే, అది సంఖ్య. అధీన ప్రాంతాల పౌరుల్లో అత్యధికులు హాంకాంగ్ వారు, 30 లక్షలకు పైగా. వారికి నివాస హక్కు ఇవ్వదలచుకోని ప్రభుత్వం, అదే పేరు మోస్తున్న సెయింట్ హెలీనా వారికీ, పిట్‌కెయిర్న్ వారికీ ఇవ్వలేకపోయింది. కొన్ని వేల మంది ద్వీపవాసులు తమకు సంబంధం లేని ఒక మహానగరపు జనసంఖ్యకు మూల్యం చెల్లించారు. 1997లో హాంకాంగ్ చేయి దాటిపోయాక మిగిలిన ప్రాంతాలన్నీ కలిపి చూసినా జనాభా రెండు లక్షల లోపే. 1998లో విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ ‘అధీన’ అన్న మాటను వదిలేస్తున్నట్టు చెప్పడం, 1999 మార్చి శ్వేతపత్రం బ్రిటిష్ పౌరసత్వాన్ని ప్రతిపాదించడం ఆ వెనువెంటనే జరిగాయి. వాదన పాతదే, పరిస్థితి మారగానే అదే వాదన చెల్లుబాటైంది.

దీని నుంచి ప్రతినిధి గ్రహించవలసినవి రెండున్నాయి. మీ సంఖ్య చిన్నదైతే దాన్ని మొదటి పేజీలోనే అంకెల్లో చెప్పండి. ఎంతమందికి హక్కు వస్తుంది, అందులో వృద్ధులెందరు, ఇప్పటికే మరో మార్గంలో పౌరసత్వం ఉన్నవారెందరు అని లెక్క చూపించండి. మీ సంఖ్య పెద్దదైతే, అందరికీ ఒకేసారి అడగడంతో పాటు ఎంపిక చేసిన కొందరికి ఇచ్చే మార్గాన్ని కూడా సిద్ధంగా ఉంచుకోండి. 1990 నాటి బ్రిటిష్ జాతీయత (హాంకాంగ్) చట్టం 50,000 మంది కుటుంబ పెద్దలకు, వారి జీవిత భాగస్వాములకు, మైనరు పిల్లలకు హాంకాంగ్ వదలనవసరం లేకుండానే బ్రిటిష్ పౌరసత్వం ఇచ్చింది. ఈ ఎంపిక న్యాయమైనదని నేను అనను. వృత్తి నైపుణ్యాన్ని కొలిచి పౌరసత్వం పంచడం బాధాకరమైన పనే. అయితే భరోసాగా చేతిలో హక్కు ఉంటే జనం ఉన్నచోటే నిలబడతారన్న వాదనను ప్రభుత్వమే అంగీకరించిన సందర్భం అది. ఆ వాదన ఈనాటికీ పనికివస్తుంది.

ఏ ఆధారం మీద నిలబడాలి

‘మేము విధేయులం, మాకు ఇవ్వండి’ అన్న ఒక్క మాట మీద వినతిపత్రం నిలబడదు. ఇప్పటివరకు నెగ్గినవారు తమ తమ ప్రత్యేక ఆధారాన్ని పట్టుకున్నారు.

గిబ్రాల్టర్ ఆధారం ఐరోపా. యూరోపియన్ కమ్యూనిటీ ఒప్పందాలు గిబ్రాల్టర్‌కు వర్తించేవి. కమ్యూనిటీ ప్రయోజనాల దృష్ట్యా ఎవరు బ్రిటిష్ జాతీయులో చెప్పే ప్రకటనలో గిబ్రాల్టర్ వారు ఉన్నారు. ఆ ఆధారంతోనే 1981 చట్టంలోని అయిదవ సెక్షన్ కింద వారికి బ్రిటిష్ పౌరులుగా నమోదు కావడం హక్కుగా దక్కింది. ఫాక్‌ల్యాండ్స్ వారికి ఆధారం యుద్ధం. 1981లో చట్టం అయినప్పుడు సుమారు 1,800 మంది ఉన్న ఆ దీవులను అధీన ప్రాంతాల వరుసలోనే ఉంచారు. 1982 ఏప్రిల్ 2న అర్జెంటీనా సేనలు దిగాయి, జూన్ 14న లొంగిపోయాయి. 1983లో ప్రత్యేక చట్టం చేసి, అది 1983 జనవరి 1 నుంచే అమల్లో ఉన్నట్టు భావించాలని రాశారు. అంటే ఫాక్‌ల్యాండ్స్ వారు చట్టం దృష్టిలో ఒక్కరోజు కూడా బ్రిటిష్ పౌరసత్వం లేకుండా లేరు. ‘గతం నుంచి వర్తింపు’ కోరేవారు ఈ పూర్వోదాహరణను తప్పక ఉటంకించాలి.

సెయింట్ హెలీనాకు యుద్ధమూ లేదు, ఐరోపా ఒప్పందమూ లేదు. ఆ ద్వీపం వారు 1673 నాటి రాజశాసనాన్ని బయటికి తీశారు. రెండవ చార్లెస్ ఇచ్చిన ఆ చార్టరులో ద్వీపవాసులకూ, వారి సంతతికీ ఇంగ్లండులో పుట్టినవారితో సమానమైన స్వేచ్ఛలు ఉంటాయని ఉంది. 1992లో ద్వీపపు బిషప్ చొరవతో పౌరసత్వ కమిషన్ ఏర్పడి ఆ ఒక్క అంశాన్నే పట్టుకుని పదేళ్లు విడవకుండా పనిచేసింది. చట్టపరంగా చూస్తే పార్లమెంటు చేసిన చట్టం ముందు పాత చార్టరు నిలవదు. కానీ ‘మేము కొత్తగా ఏదీ అడగడం లేదు, మీరు తీసుకున్నది తిరిగి ఇవ్వమంటున్నాం’ అని చెప్పడానికి ఆ కాగితం వీలిచ్చింది. ‘ప్రసాదించండి’ అనడానికీ, ‘తిరిగి ఇవ్వండి’ అనడానికీ మధ్య చర్చల బల్ల దగ్గర ఎంతో దూరం ఉంది. మీ దగ్గర అలాంటి చార్టరు లేకపోయినా, 1949 నుంచి 1962 వరకు మీ పెద్దలకు బ్రిటన్‌లో నిరాటంకంగా అడుగుపెట్టే హక్కు ఉండేదన్న వాస్తవం ఉంది. ‘తిరిగి ఇవ్వండి’ అనడానికి అది చాలు.

ఎదురు ఏమి ఇవ్వాలి

1999 శ్వేతపత్రం ముందు జరిగిన సంప్రదింపుల్లో ప్రాంతాల వారి పెద్ద ఆందోళన ఇదే: మాకు బ్రిటన్‌లో నివాస హక్కు ఇస్తే బ్రిటన్ వారికి మా దీవుల్లో నివాస హక్కు ఇవ్వమంటారా? కొన్ని వేల మంది ఉన్న ద్వీపంలో కొన్ని వందల కుటుంబాలు వచ్చి దిగితే భూమి ధరలు, ఉద్యోగాలు, ఓట్లు అన్నీ తలకిందులవుతాయి. ఆ భయాన్ని ప్రభుత్వం న్యాయమైనదిగా అంగీకరించింది. ఎదురు హక్కు కోరలేదు. పౌరసత్వం వద్దనుకునేవారు బ్రిటిష్ పౌరసత్వాన్ని మాత్రమే వదులుకుని ఓవర్సీస్ టెరిటరీల పౌరసత్వాన్ని ఉంచుకునే వెసులుబాటు కూడా ఉంది.

ఈ మినహాయింపు కావాలంటే దాన్ని మొదటి సమావేశంలోనే, రాతపూర్వకంగా, మీ స్థానిక నివాస చట్టం ప్రతిని జతచేసి అడగాలి. చివరి దశలో లేవనెత్తితే అది కొత్త షరతులా కనిపిస్తుంది.

ముసాయిదాలో ఏ మాటల దగ్గర ఆగాలి

రాజకీయ అంగీకారం కుదిరిన రోజున ప్రతినిధులు ఊపిరి పీల్చుకుంటారు. ముసాయిదా చేతికి వచ్చాకే అసలు పని మొదలవుతుంది.

మొదట ‘అవుతారు’, ‘అర్హులు’, ‘మంత్రి ఉచితమని భావిస్తే నమోదు చేయవచ్చు’ అన్న మూడు రకాల క్రియలను గుర్తించండి. 2002 చట్టం ఆ ఏడాది మే 21కి ముందు ఓవర్సీస్ టెరిటరీల పౌరులైనవారిని నేరుగా బ్రిటిష్ పౌరులను చేసింది, అది ‘అవుతారు’. గిబ్రాల్టర్ వారికి 1981లో వచ్చింది ‘అర్హులు’; అడగాలి, అడిగితే కాదనలేరు. 2002 మే 21 తర్వాత గవర్నరు ద్వారా సహజీకరణ (బయటి దేశపు వారికి దరఖాస్తుపై పౌరసత్వం ఇవ్వడం) పొంది ఓవర్సీస్ టెరిటరీల పౌరులైనవారికి మాత్రం బ్రిటిష్ పౌరసత్వం మూడవ రకం. సత్ప్రవర్తన చూసి, విచక్షణ మీద నమోదు చేస్తారు. ఒకే వీధిలోని ఇద్దరికి, ఒకరు మే నెలలోనూ మరొకరు జూన్‌లోనూ ప్రమాణం చేసినందుకు, ఇంత తేడా వస్తుంది. సాధ్యమైనంతవరకు మొదటి రకం కోసం పట్టుబట్టండి.

తర్వాత మినహాయింపులు చూడండి. సైప్రస్‌లోని అక్రోతిరి, ధెకేలియా సైనిక స్థావరాలతో మాత్రమే సంబంధం ఉన్నవారు 2002 చట్టం ఇచ్చిన బ్రిటిష్ పౌరసత్వం నుంచి మినహాయించబడ్డారు. ఒక్క ఉపవాక్యం ఒక ప్రాంతాన్ని మొత్తంగా తీసివేయగలదు.

అన్నిటికంటే ఎక్కువ సమయం తరాల దగ్గర గడపాలి. హిందూ మహాసముద్రంలోని ఛాగోస్ దీవుల వారి కథ చదివితే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. 1968 నుంచి 1973 వరకు సైనిక స్థావరం కోసం ఆ దీవుల ప్రజలందరినీ మారిషస్‌కూ, సీషెల్స్‌కూ తరలించారు. 2002 చట్టంలో వారి పిల్లల కోసం ప్రత్యేక సెక్షన్ పెట్టారు. అయితే 1969 ఏప్రిల్ 26 నుంచి 1983 జనవరి 1కి ముందు వరకు, ఆ దీవుల్లో పుట్టిన తల్లికి పుట్టినవారికే అది పరిమితమైంది. ఒకే తల్లి కడుపున పుట్టిన బిడ్డల్లోనూ తేదీ బట్టి తేడాలు వచ్చాయి. మనవల సంగతి చట్టం పట్టించుకోలేదు. సొంత నేల మీద పుట్టే అవకాశాన్ని ప్రభుత్వమే తీసివేసి, ఆ నేల మీద పుట్టలేదన్న కారణంతో హక్కు నిరాకరించింది. దీన్ని సరిదిద్దడానికి 2022 నాటి జాతీయత, సరిహద్దుల చట్టం రావలసివచ్చింది. ఆ ఏడాది నవంబరు 23 నుంచి దీవుల్లో పుట్టినవారి ప్రత్యక్ష సంతతి వారు ఏ తరం వారైనా రుసుము లేకుండా దరఖాస్తు చేసుకునే మార్గం తెరుచుకుంది. వయోజనులకు అయిదేళ్ల గడువు పెట్టారు. మీ ముసాయిదాలో ‘పుట్టినవారు’ అని ఉన్న ప్రతిచోటా, ‘పుట్టి ఉండవలసింది గాని తరలింపు వల్ల పుట్టలేకపోయినవారు’ ఉన్నారా అని అడగండి.

తల్లుల విషయం కూడా ఇలాంటిదే. 1983కు ముందు తండ్రి ద్వారా సంక్రమించినట్టు తల్లి ద్వారా పౌరసత్వం సంక్రమించేది కాదు. పెళ్లి కాని తండ్రి ద్వారా 2006 జూలై 1కి ముందు పుట్టినవారికి వచ్చేది కాదు. బ్రిటిష్ పౌరుల విషయంలో ఈ అన్యాయాలను 2003, 2010, 2015 సంవత్సరాల్లో అమల్లోకి వచ్చిన మార్పులతో దశలవారీగా సరిదిద్దారు. ఓవర్సీస్ టెరిటరీల పౌరసత్వంలో అవే లోపాలు 2022 జూన్ 28 వరకు మిగిలిపోయాయి. ప్రధాన హోదాకు మరమ్మతు జరిగినప్పుడు పక్క హోదా గుర్తుకు రాదు. అందుకని ‘ఇకపై బ్రిటిష్ పౌరసత్వ సంక్రమణ నియమాల్లో చేసే ప్రతి మార్పూ ఈ హోదాకూ వర్తిస్తుంది’ అనే వాక్యాన్ని ముసాయిదాలో చేర్చమని కోరండి. చట్టంలో చేర్చకపోతే కనీసం మంత్రి సభలో ఇచ్చే హామీగానైనా రికార్డులోకి ఎక్కించండి.

రెండవ దేశం ఉన్నప్పుడు

మీ ప్రాంతంపై మరో దేశానికి హక్కు ఉన్నా, అది చేతులు మారబోతున్నా, బ్రిటన్ ఇచ్చే హోదాను ఆ దేశం ఎలా చూస్తుందో కూడా చర్చలో భాగం. 1984లో చైనా ఇచ్చిన మెమొరాండం హాంకాంగ్‌లోని చైనీయులందరూ చైనా జాతీయులేనని, వారు బ్రిటన్ ఇచ్చిన పత్రాన్ని ఇతర దేశాలకు వెళ్లడానికి వాడుకోవచ్చని, హాంకాంగ్‌లోగాని చైనాలో మరెక్కడగాని బ్రిటిష్ దౌత్య రక్షణ ఉండదని స్పష్టం చేసింది. అయిదవ హక్కు చాలామందికి సొంత ఊళ్లోనే చెల్లకుండా పోయింది. 2020 జూన్ 30న జాతీయ భద్రతా చట్టం వచ్చాక, బ్రిటన్ ఈ హోదా ఉన్నవారికి 2021 జనవరి 31 నుంచి ప్రత్యేక వీసా మార్గం తెరిచింది. అదే రోజు నుంచి ఆ పాస్‌పోర్టును ప్రయాణ పత్రంగా గుర్తించబోమని చైనా ప్రకటించింది.

ఇక్కడ మరచిపోకూడని మరో వర్గం ఉంది. హాంకాంగ్‌లో తరతరాలుగా స్థిరపడిన భారత ఉపఖండ మూలాల వారిలో అనేకులకు చైనా జాతీయత రాదు, మరే దేశపు పౌరసత్వమూ లేదు. వారికి మిగిలింది నివాస హక్కు లేని బ్రిటిష్ హోదా మాత్రమే. ఏళ్ల తరబడి విజ్ఞప్తులు చేసిన మీదట, చేతులు మారడానికి కొద్ది నెలల ముందు 1997 చట్టం వచ్చి, ఆ ఏడాది ఫిబ్రవరి 4కు ముందు అక్కడ సాధారణ నివాసులై ఉండి మరో జాతీయత లేనివారికి పూర్తి బ్రిటిష్ పౌరసత్వం పొందే హక్కు ఇచ్చింది. పెద్ద సమూహం కోసం కుదిరే ఒప్పందంలో చిన్న సమూహం జారిపడుతుంది. ‘ఈ ఒప్పందం తర్వాత ఏ దేశానికీ చెందకుండా మిగిలేవారెవరు’ అనే ప్రశ్న మొదటి రోజునే అడగాలి.

ఇక పేరు

హక్కులన్నీ తేలాక పేరు గురించి మాట్లాడండి. పేరు ముఖ్యం కాదని నేను అనడం లేదు. ‘అధీన’ అన్న మాట తీసివేయడం ఆ ప్రాంతాల వారికి గౌరవానికి సంబంధించిన విషయం. 2002 ఫిబ్రవరి 26న పేరు మారినప్పుడు ఒక్క కొత్త హక్కు కూడా రాలేదు, కానీ ‘మేము ఒకరి కింద ఉన్నవాళ్లం’ అని పాస్‌పోర్టు మీద రాసుకుని తిరగవలసిన అవసరం పోయింది. పేరులో మూడు మాటలను జాగ్రత్తగా పట్టి చూడాలి. ‘సిటిజన్’ బదులు ‘నేషనల్’ అని ఉంటే హక్కుల మూట తేలికైందని అనుమానించాలి. ‘ఓవర్సీస్’ అన్న మాట రెండు వేర్వేరు హోదాల్లో ఉంది: బ్రిటిష్ ఓవర్సీస్ పౌరులు, బ్రిటిష్ ఓవర్సీస్ టెరిటరీల పౌరులు. ‘టెరిటరీల’ అన్న ఒక్క మాట జారిపోతే విలువ పాతాళానికి పడిపోతుంది. తెలిసిన అధికారులు సైతం ఈ రెండింటినీ కలగాపులగం చేస్తారు. ఇక ‘బ్రిటిష్’ అన్న మాట అన్నిటిలోనూ ఉంటుంది కాబట్టి దాన్నిబట్టి ఏదీ తేల్చుకోలేము.

పత్రం చేతికి వచ్చినప్పుడు

కొత్త హోదా కింద మొదటి పాస్‌పోర్టులు జారీ అయినప్పుడు వాటిలో కొన్నిటిని తెప్పించి ప్రతినిధులే స్వయంగా పరిశీలించాలి. ఫోటో ఉన్న పేజీలో జాతీయత గడి చదవండి, ఆ తర్వాత అడుగున యంత్రం చదివే రెండు వరుసలు చూడండి. రెండవ వరుసలో పాస్‌పోర్టు నంబరు తర్వాత వచ్చే మూడక్షరాల సంకేతం అసలు సంగతి చెబుతుంది: బ్రిటిష్ పౌరులకు జీబీఆర్, ఓవర్సీస్ టెరిటరీల పౌరులకు జీబీడీ, హాంకాంగ్ వారి హోదాకు జీబీఎన్, ఓవర్సీస్ పౌరులకు జీబీఓ. విమానాశ్రయంలోని యంత్రం అట్ట మీది బంగారు ముద్రను చూడదు, ఈ మూడక్షరాలను చూస్తుంది. రెండు పౌరసత్వాలూ ఉన్న సెయింట్ హెలీనా వాసి జీబీడీ పాస్‌పోర్టుతో లండన్‌లో దిగితే, అతని నివాస హక్కు చట్టంలో ఉన్నా చేతిలోని పత్రంలో కనిపించదు. అలాంటివారు బ్రిటిష్ పౌరుల పాస్‌పోర్టు విడిగా తీసుకోవాలని మీ సమాజంలో ప్రతి ఇంటికీ తెలియజేయడం ప్రతినిధుల బాధ్యతే.

పిల్లల జనన నమోదును కూడా ఆ వారంలోనే మొదలుపెట్టించాలి. 2002 మే 21 తర్వాత అర్హత గల ప్రాంతంలో (అంటే సైప్రస్ స్థావరాలు మినహా ఏ ఓవర్సీస్ టెరిటరీలోనైనా), బ్రిటిష్ పౌరులకు గాని అక్కడ స్థిరపడినవారికి గాని పుట్టిన బిడ్డ పుట్టుకతోనే బ్రిటిష్ పౌరుడు. దాన్ని రుజువు చేసేది తల్లిదండ్రుల హోదా ఆ తేదీన ఏమిటో చూపే కాగితమే. ఆ కాగితాన్ని జనన ధ్రువపత్రంతో పాటు భద్రపరచమని చెప్పండి.

సెయింట్ హెలీనా వారు అమలు తేదీని కూడా తమదిగా చేసుకున్నారు. ద్వీపాన్ని నావికులు మొదట చూసినట్టు చెప్పే తేదీ 1502 మే 21. ఏటా అదే వారి ద్వీప దినోత్సవం. సరిగ్గా 500 ఏళ్లు నిండిన ఆ రోజునే వారికి పౌరసత్వం తిరిగి వచ్చింది.